ఎవరి గిన్నె వారికి

ఎల్లారెడ్డిలో కామారెడ్డి బస్సెక్కేటప్పటికే సత్యమ్మ మూతి ముడుచుకుని ఉంది. పోతున్న పని మీద ఆమెకు మనసు లేదు. మనసు లేదని పైకి చెప్పుకునే వీలూ లేదు. ఎందుకంటే వంటపాత్రల సంఘానికి కార్యదర్శి ఆమే. అధ్యక్షుడు నర్సింహులు పక్క సీట్లో కూర్చుని పల్లీలు వలుచుకు తింటున్నాడు. ఆయన సత్యమ్మ పెనిమిటి బాలయ్యకు చిన్నాయన కొడుకు, వరసకు మరిది. ఆడవాళ్లకు బస్సు ఉచితమైన కాడి నుంచి వదినతో ఎక్కడికి బయల్దేరినా టికెట్టు తనొక్కడికే పడుతోందని ఆయనకు కడుపుమంట.

"ఇగ సూడు వదినా. వానలు పడేలోపల ఈ పని కావాలె. కాలేదనుకో, గది తాళం తీసి, ఎవరి గిన్నె వాళ్లను తీస్కపొమ్మందం. పీడ పోతది."

"అట్లనే అందంతియ్యి," అంది సత్యమ్మ కిటికీలోంచి చూస్తూ.

నర్సింహులు పల్లీ వలవడం ఆపి ఆమె మొహంలోకి చూశాడు. ఆ మాట అన్నందుకు వదిన తనను తిట్టిపోస్తుందని అనుకున్నాడాయన. తిట్టలేదు. లింగంపేట దాటేదాకా చూశాడు, అప్పుడూ తిట్టలేదు.

నాగిరెడ్డిపేట పక్కన, పోచారం కాలువ కింద నాట్లేసుకుని బతికే చిన్న ఊరు వాళ్లది. ఆ ఊళ్లో రోడ్డు పక్కన ఒక గది, గది నిండా ఇత్తడి పాత్రలు. పెండ్లయినా చావయినా, నలుగురికి వండి పెట్టాల్సిన అవసరం ఏ ఇంటికి వచ్చినా ఆ గదిలోంచే పాత్రలు పోతాయి. కిరాయి లేదు. కట్టుబాటు ఒకటే. తోమి తేవాలి, ఖాళీగా తేకూడదు. పాత్ర అడుగున పిడికెడు బియ్యమో, బెల్లం ముక్కో, పసుపుకొమ్మో ఏదో ఒకటి ఉండాలి. అట్లా వచ్చిన బియ్యాన్ని గది మూలనున్న కుండలో పోస్తారు. ఊళ్లో ఎవరన్నా పోతే, ఆ ఇంట్లో మొదటి ఎసట్లో పడేవి ఆ కుండలోని బియ్యమే.

ఇంత చక్కని సంఘానికి పన్నుల గొడవ ఎట్లా తగులుకుందంటారా? రోడ్డు వెడల్పు చేసినప్పుడు సంఘం పాత గది కూలిపోయింది. వచ్చిన పరిహారంలో కొంత పెట్టి కొత్త గది కట్టుకున్నారు. మిగిలింది ఎల్లారెడ్డిలో బ్యాంకులో వేశారు. దాని మీద వచ్చే వడ్డీతో ఏటా పాత్రలకు కళాయి పోయించేవారు. ఇత్తడి పాత్ర లోపల తగరం పూత ఉండాలి మరి. అది అరిగిపోతే చారు చేదెక్కుతుంది, తిన్నవాడికి కడుపులో తిప్పుతుంది. బీర్కూర్ నుంచి వచ్చే కళాయి ఆయనకు వడ్డీ డబ్బు సరిగ్గా సరిపోయేది. కొన్నాళ్లుగా బ్యాంకువాళ్లు ఆ వడ్డీలో పన్ను కోసుకుని మిగిలింది వేస్తున్నారు. మిగిలింది చూసి కళాయి ఆయన దండం పెట్టి, "ఇంకోసారి సూద్దాం తల్లీ" అన్నాడు. పాత్రలు చిలుము పట్టాయి.

సత్యమ్మ బ్యాంకుకు పోయి పోట్లాడింది. "మేం లాభం కోసం పెట్టినమా? పుణ్యానికి గిన్నెలిస్తుంటే పన్నెందుకు కోస్తరు?" అని గట్టిగానే అడిగింది. మేనేజరు నీళ్లు తెప్పించి కూర్చోబెట్టాడు. "లాభానికి కాదని మీరంటే సరిపోదమ్మా. పన్ను ఆఫీసోళ్లు ఒప్పుకోవాలె. మినహాయింపు రిజిస్ట్రేషన్ తెచ్చుకోండ్రి. అప్పుడు లెక్క చూపిస్తే కోసింది గూడ వాపస్ వస్తది" అన్నాడు. అదిగో, అక్కణ్నుంచి కామారెడ్డి ప్రయాణాలు మొదలయ్యాయి.

కామారెడ్డిలో స్టేషన్ రోడ్డు మీద, మొబైల్ షాపు పైన మేడ మీద గదిలో కూర్చుంటుంది పద్మప్రియ. పన్నుల పని చేసే అమ్మాయి. సత్యమ్మ కూతురి ఈడుది. మాట మెత్తన, పని చురుకు. దరఖాస్తు ఆమే పంపింది. పై ఆఫీసు నుంచి దానికి ఒక ప్రశ్న వచ్చిందని నిన్న ఫోన్ చేసింది.

"కూసోండ్రి అమ్మా. కంగారు పడేటిదేం లేదు. అన్నీ మంచిగనే ఉన్నయి. ఒక్కకాడనే పట్టుకున్నరు," అంటూ సంఘం నియమావళి జిరాక్సు తీసి చదివింది. "సంఘము మూతపడిన యెడల ఎవరి గిన్నె వారికి ఇచ్చివేయవలెను."

ఎవరి గిన్నె వారికి అన్న మాట వినగానే సత్యమ్మ తలెత్తింది. అది అక్షరాలా అత్త గొంతే.

"అది మా అత్త రాయించిన మాట," అంది.

"కావచ్చమ్మా. చిక్కంతా దాంతోనే వచ్చింది. పన్ను మినహాయింపు ఇయ్యాలంటే సంఘం ఆస్తి మళ్ల ఎప్పుడూ సభ్యుల ఇండ్లకు పోవద్దు. సంఘం మూతపడినా సరే, గిసుంటి పని చేసే ఇంకో సంఘానికే పోవాలె. మీ గిన్నెలు మీకే వాపస్ వస్తయంటే, అవి మీ సొంతమే గదా, ఒక గదిల దాసుకున్నరు, అంతే గదా అని అడుగుతున్నరు. వాళ్లు అడిగింది తప్పు గాదు."

నర్సింహులు ముందుకు వంగాడు. "అంటే, మూతపడినా ఎవల గిన్నె వాళ్లకు ఇయ్యద్దా?"

"ఇయ్యద్దు బాపూ."

"ఒక్కటి గూడ?"

"గరిటె గూడ ఇయ్యద్దు."

చేయాల్సింది కూడా ఆమే చెప్పింది. సభ్యులందరినీ కూర్చోబెట్టి, ఆ వాక్యం తీసేసి కొత్తది పెట్టినట్టు తీర్మానం రాసి, సంతకాలు పెట్టించాలి. దాన్ని రిజిస్ట్రార్ ఆఫీసులో నమోదు చేయించి పై ఆఫీసుకు పంపాలి. గడువులోపల పంపకపోతే దరఖాస్తు కొట్టేస్తారు. అప్పుడు రిజిస్ట్రేషనూ లేదు, కోసిన పన్నూ రాదు, కళాయీ లేదు.

నర్సింహులు ఛాయ్ తాగుదామన్నా సత్యమ్మ వద్దంది. బస్సులో ఆయన ఏవో లెక్కలు చెబుతూనే ఉన్నాడు. ఆమె చెవులు వాటి మీద లేవు.

అత్త పేరు శాంతవ్వ. అబ్బో, ఆమె నోరు! పొద్దున లేచి వాకిట్లోకి వచ్చి కోడలా అని పిలిచిందంటే నాలుగిండ్ల అవతలి కోడలు కూడా ఉలిక్కిపడి లేచేది. సత్యమ్మ కాపురానికొచ్చిన కొత్తలో ఆ నోటికి భయపడి పుట్టింటికి పోతానని మూట కట్టుకుంది కూడా. మూట చూసి శాంతవ్వ, "పోతె పో. తిని పో. ఎండల పోతవు" అంది. కంచంలో అన్నం పెట్టి, ఇంత నెయ్యి వేసి, ఎదురుగా కూర్చుంది. తిన్నాక మూట విప్పుకోక ఏం చేస్తుంది పాపం సత్యమ్మ! నలభై ఏండ్లు దాటినా ఆ నెయ్యి వాసన ముక్కులోనే ఉంది.

సంఘం పుట్టిన సంగతీ ఆ ఏడే జరిగింది. కాలువ కట్ట అవతలి తండాలో లచ్చిరాం వాళ్ల నాయన పోయాడు. నాలుగు తండాల నుంచి చుట్టాలు దిగారు. వాళ్లకు వండి పెట్టడానికి తండా మొత్తంలో పెద్ద గిన్నె లేదు. ఉన్నవన్నీ మట్టి కుండలు. లచ్చిరాం ఊళ్లోకి వచ్చి, పాత్రలున్న పెద్దిండ్ల ముందర నిలబడ్డాడు. తండాకు ఇస్తే మైలవుతుందని ఎవరూ ఇవ్వలేదు. సంగతి శాంతవ్వ చెవిన పడింది. పొయ్యి మీది చారు దించి, మూలనున్న అన్నం గుండిగను తీసి, చీర చెంగు చుట్టి నెత్తిన పెట్టుకుంది. ఇద్దరు మగవాళ్లు చెరో చెవి పట్టుకుని మోసే గుండిగ అది. ఒక్కతే కట్ట మీద నడుచుకుంటూ పోయింది. సత్యమ్మ వాకిట్లో నిలబడి నోరెళ్లబెట్టి చూసింది.

"ఇంటి గుండిగ మైల పడె గదనే శాంతా," అని ఊరంతా ఒకటే గోల. తిరిగొచ్చాక శాంతవ్వ ఒకటే అంది. "మైలైతే చింతపండుతో పోతది. మీ బుద్దికి ఏం పెట్టి తోమాలె?"

ఆ తర్వాత నెమ్మదిగా ఒక్కో ఇల్లూ కదిలింది. ఒకరు బగోన ఇస్తామన్నారు, ఇంకొకరు గంగాళం ఇస్తామన్నారు. కానీ ఇత్తడాయె! ఇస్తే మళ్లీ కళ్ల చూస్తామా అని అందరికీ గుబులు. శాంతవ్వ గడప గడపకూ పోయింది. "ఏడికి పోదవ్వా. సంఘం ఉన్నన్ని దినాలు అందరిది. లేనినాడు ఎవరి గిన్నె వారికి. ఇది నా మాట," అంది. రాతకోతలు తెలిసిన బడిపంతులు నియమాలు రాస్తూ, ఆమె మాటనే గ్రాంథికం చేసి ఎక్కించాడు. ఆ ఒక్క మాట మీదే సంఘం నిలబడింది.

అప్పటి నుంచి ఊళ్లో ఒక అలవాటు పడింది. ఇంట్లో ఎవరన్నా పోతే వాళ్ల పేరు చుక్కలు చుక్కలుగా కొట్టించి ఒక గిన్నె సంఘానికి ఇచ్చేవారు. గదిలోకి పోతే, పోయినవాళ్లందరూ వరసగా బోర్లా పడుకుని ఉన్నట్టే ఉండేది. కళాయి పోసే దినం శాంతవ్వ పక్కనే పీట వేసుకుని కూర్చుని, ఇంకా రుద్దు, ఇంకా రుద్దు అని కళాయి ఆయన ప్రాణం తీసేది. కొలిమి పొగ, తగరం పట్టడానికి చల్లే నవసాగరం ఘాటు, మెరిసే గిన్నెల్లో మొహాలు చూసుకునే పిల్లలు. ఎంత బాగుండేవి ఆ దినాలు!

సత్యమ్మ కడుపులో ఉన్న మాట ఇప్పుడు చెప్పుకోవాలి. అత్త పోయాక ఆమె చీరలు ఆడబిడ్డలు తీసుకుపోయారు. కడియాలు పంచుకున్నారు. కోడలికి ఏం మిగిలింది? నోరున్న అత్త లేని ఇల్లు మిగిలింది. శాంతవ్వ గుండిగ మాత్రం గదిలో ఉంది, బాలయ్య దాని మీద తల్లి పేరు కొట్టించాడు. సంఘం మూతపడితే అది ఇంటికి వస్తుంది. అందుకే బస్సులో నర్సింహులు మూసేద్దామన్నా ఆమె కాదనలేదు. ఆశపడింది. ఆ అమ్మాయి గరిటె కూడా ఇవ్వొద్దన్నప్పుడు, ఆ గుండిగ ఇక ఇంటికి రాదని తెలిసిపోయింది.

మీటింగు ఆదివారం పొద్దున అని చాటింపు వేయించారు. శనివారం మధ్యాహ్నం, ఊరంతా ఎండకు ఇండ్లల్లో ఉన్న వేళ, సత్యమ్మ గది తాళం తీసింది. తాళంచెవి ఆమె కొంగుకే కదా ఉండేది. గుండిగకు గోనెసంచి చుట్టి, సందు వెంట దొర్లించుకుంటూ ఇంటికి తెచ్చుకుంది. ఎవరూ చూడలేదు. చూస్తే మాత్రం ఏమంటారు? రేపు సంతకాలు అయితేనే కదా అది సంఘానిది, ఇవ్వాళ ఇంకా పాత మాటే నడుస్తోంది, నాది నేను తెచ్చుకున్నాను అని తనకు తాను చెప్పుకుంది. చెప్పుకుంటూనే తలుపు గొళ్లెం పెట్టింది.

బాలయ్య పొలం నుంచి వచ్చి మూలకు చూశాడు.

"గుండిగొచ్చింది. ఎవలింట్ల చావైంది?"

"చావెందుకైతది? తోముదామని తెచ్చిన."

"గది కాడనే తోమొచ్చు గదా."

"నీకెందుకు? కాళ్లు కడుక్కొని రా, అన్నం పెడత."

బాలయ్య అన్నం తింటున్నంత సేపూ మూలకే చూశాడు. సత్యమ్మ చింతపండు నానబెట్టి గుండిగను తోమింది. చిలుము కరిగి, చుక్కల్లోంచి శాంతవ్వ పేరు మెల్లగా పైకి తేలింది. ఆ పేరు మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. అత్తా, నిన్ను ఎవరికీ ఇవ్వను పో, అనుకుంది.

ఆదివారం గది ముందర చాపలు పరిచారు. ఇంటికొకరు చొప్పున వచ్చారు. నర్సింహులు పద్మప్రియ చెప్పిందంతా తన పద్ధతిలో చెప్పాడు. "సూడుండ్రి, సర్కారు ఏమంటుందంటే, మీ గిన్నెలు మీవైతే పన్ను కట్టుండ్రి, అందరివైతే మాఫీ, అంటుంది. అందరివి అని రాసియ్యాలె. రాసిస్తే మళ్ల అడుగుడు లేదు. అంతే."

అంజవ్వ లేచింది. ఎనభై దాటిన మనిషి. కొడుకు పిడుగు పడి పోయినప్పుడు అతని పేరున బగోన ఇచ్చింది.

"నేనొప్ప. నా పోరని పేరున్న బగోన అది. ఇయ్యాల ఈడున్నది, నాకు సూడబుద్దైతె వచ్చి సూస్త. రేపు ఏ ఊరి సంఘానికో పోతె యాడికి పోయి సూడాలె? శాంతక్క మా గడపల నిలవడి మాటిచ్చింది. ఆమె మాట కొట్టేసెటోళ్లు ఎవలు?"

అందరూ సత్యమ్మ వైపు చూశారు. నిజం చెప్పాలంటే అప్పుడు సత్యమ్మకు ప్రాణం లేచొచ్చింది. తన నోటితో వద్దనే పని లేకుండా పోయింది. ముసలమ్మ కాదంటోంది, మీటింగు చెడిపోతుంది, దరఖాస్తు కొట్టేస్తారు, సంఘం మూస్తారు, గుండిగ ఇంట్లోనే ఉంటుంది. తల వంచుకుని కూర్చుంది.

"శాంతవ్వ గుండిగ కనవడ్తలేదేంది?" అని గదిలోకి తొంగి చూస్తూ ఎవరో అన్నారు. సత్యమ్మ చాప పుల్లలు గిల్లుతూ తల ఎత్తలేదు.

అదే సమయంలో చాపకు అవతల, రాయి మీద కూర్చున్న మేఘి గొంతు సవరించుకుంది. మేఘి లచ్చిరాం భార్య. లచ్చిరాం కిందటేడు చెరుకు నరకడానికి మహారాష్ట్ర పోయి, అక్కడే జ్వరమొచ్చి పోయాడు. అతని ఏడాది దగ్గరికొస్తోంది, ఏం గిన్నెలు దొరుకుతాయో అడుగుదామని వచ్చింది. మేఘి సభ్యురాలు కాదు. సభ్యత్వం కావాలంటే గిన్నె ఇవ్వాలి, తండాలో ఎవరి దగ్గరా ఇవ్వడానికి ఇత్తడి గిన్నె ఏనాడూ లేదు. తీసుకుపోవడం, తోమి తేవడం, అంతే. కుండలోని బియ్యంలో సగం మాత్రం తండా పిడికిళ్లవే. అది సత్యమ్మకు తెలుసు.

"సత్తెక్కా, నేనొక మాట అడుగొచ్చా?"

"అడుగు," అన్నాడు నర్సింహులు.

"ఎవరి గిన్నె వాళ్లకు అంటున్నరు. మంచిదే. మరి మాకేమొస్తది?"

ఎవరో కిసుక్కున నవ్వారు. "నీ గిన్నె ఏదే మేఘీ?"

"లేదనే అడుగుతున్న. గిన్నె ఉన్నోళ్లకు సంఘమెందుకు? లేనోళ్లకు గదా. మా మామ పోయిన దినం నేను కొత్తకోడలిని. శవం వాకిట్ల ఉన్నది. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నరు. పెద్దవ్వ గుండిగ నెత్తిన పెట్టుకొని కట్ట మీదికెళ్లి వచ్చింది. వచ్చి, గుండిగ దించింది. ఎప్పుడు తెచ్చిస్తరని అడగలే. బియ్యం ఉన్నయా అని అడిగింది. లేవన్నం. కొంగుల ముడి విప్పి పోసింది. గంతే."

మేఘి చెంగుతో ముక్కు తుడుచుకుంది. ఇక నవ్వినవాళ్లు లేరు.

ఇన్నేళ్లు సత్యమ్మ అత్త మాట, అత్త మాట అని పట్టుకుని కూర్చుంది. ఆ మాట ఊరివాళ్ల గుబులు తీర్చడానికి తర్వాతెప్పుడో చెప్పింది కదా. అంతకుముందు ఆమె చేసిన పనేంది? ఆ రోజు గుండిగ నెత్తికెత్తుకున్నప్పుడు తిరిగొస్తుందో రాదో ఆమె అనుకుందా? ఆ గుండిగను తను తలుపు గొళ్లెం పెట్టి దాచుకుంది. ఛీ, అనుకుంది సత్యమ్మ. నీది కూడా ఒక బుద్ధేనా, దీన్ని ఏం పెట్టి తోమాలె?

లేచి, ఎవరికీ ఏమీ చెప్పకుండా ఇంటి దారి పట్టింది.

"గట్ల లేచిపోతదేంది? కోపమొచ్చిందా?" అంటోంది వెనకాల అంజవ్వ.

బాలయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. సత్యమ్మ తలుపు తోసి లోపలికి పోయి, చీర చెంగు చుట్టకుదురు చేసుకుంది. "వచ్చి జర చెయ్యి వెయ్యి" అంది. ఇద్దరూ కలిసి గుండిగను ఆమె నెత్తికెత్తారు.

"నేను మోస్త గదా," అన్నాడాయన.

"వద్దు. తెచ్చింది నేను."

అత్తకున్న ఒడ్డూపొడుగూ సత్యమ్మకు లేవు. మెడ నరాలు తెగిపోతున్నాయి. అయినా సందులోంచి కాదు, నడివీధి వెంట పోయింది. గది ముందరికి చేరేసరికి నర్సింహులు పరుగున వచ్చి ఒక చెవి పట్టి దించాడు. నిన్న తోమిన గుండిగ ఎండకు ధగధగమంటోంది. అందరికీ అర్థమైంది.

"ఇది మా అత్తది. నిన్న నేనే ఇంటికి తీస్కపోయిన. సంతకాలు కాకముందే నాది నేను దాసుకుందామనుకున్న," అంది సత్యమ్మ రొప్పుతూ. "తప్పే. ఇప్పుడు చెప్తున్న ఇనుండ్రి. మా అత్త మాట నేనే కొట్టేస్తున్న. మంచో చెడో నా మీదనే ఉండనీ. ఏదీ ఆ కాయితం?"

నర్సింహులు తీర్మానం కాగితం చాప మీద పెట్టాడు. అందరికంటే ముందు సత్యమ్మ సంతకం పెట్టింది. సంతకం గీత దాటింది.

అంజవ్వ చాలాసేపు గొణిగింది. శాంతక్కను తిట్టింది, సత్యమ్మను తిట్టింది, సర్కారును తిట్టింది, ఆకాశంలోని పిడుగునూ తిట్టింది. తర్వాత కళ్లొత్తుకుని, "నా పోరని పేరైతే చెరపరు గదా?" అంది.

"పేర్లకు ఎవలూ చెయ్యి పెట్టరు అత్తా. గిన్నె యాడికి పోయినా పేరు దాని మీదనే ఉంటది," అంది సత్యమ్మ.

"అయితే తే," అని బొటనవేలు చాపింది అంజవ్వ.

సంతకాలన్నీ అయ్యాక నర్సింహులు పెన్ను చెవి మీద పెట్టుకుని, "ఎట్లాగూ మార్పిస్తున్నం. గిన్నె ఇయ్యకున్నా సభ్యులు కావచ్చని గూడ రాద్దామా?" అన్నాడు. అప్పుడప్పుడు ఆయనకు కూడా మంచి ఆలోచనలు వస్తుంటాయి. కాదన్నవాళ్లు లేరు. కొత్త సభ్యుల్లో మొదటి పేరు మేఘిది.

రిజిస్ట్రేషను వానలు పడ్డాక వచ్చింది. ఇంకొన్నాళ్లకు కోసిన పన్ను వాపస్ వచ్చినట్టు నర్సింహులు ఫోన్‌లో మెసేజ్ మోగింది. అంతా రాలేదు. కిందటేడుది వచ్చింది. అంతకుముందుదానికి లెక్క చూపించే గడువు దాటిపోయింది, అది పోయినట్టేనని పద్మప్రియ చెప్పింది. నర్సింహులు ఆ పూటంతా తిట్టుకున్నాడు. ఇకముందు కోయకుండా బ్యాంకులో ఇవ్వాల్సిన కాగితం కూడా ఆ అమ్మాయే రాసిచ్చింది. ఫీజు ఎంత బిడ్డా అంటే, ఎప్పుడన్నా అవసరం పడితే మాకూ గిన్నెలివ్వండి అని నవ్వింది.

బీర్కూర్ నుంచి కళాయి ఆయన కొడుకును వెంటేసుకుని వచ్చాడు. మళ్లీ కొలిమి, మళ్లీ పొగ, మళ్లీ ఆ ఘాటు. పిల్లలు ఫోన్లు పట్టుకుని వీడియోలు తీశారు. సత్యమ్మ పీట వేసుకుని కూర్చుని, ఇంకా రుద్దు, ఇంకా రుద్దు అంది. ఆ మాట తన నోట రాగానే నాలుక కరుచుకుని, తర్వాత ఒక్కతే నవ్వుకుంది. వచ్చిన డబ్బుకు చారు గిన్నెలు, కూర బగోనలు అయ్యాయి. గుండిగ దాకా రాలేదు. అది అన్నం గుండిగ, పులుపు తగలదు, దానికి కళాయి లేకున్నా నడుస్తుంది, వచ్చే ఏడు చూద్దాం అంది సత్యమ్మ.

తాళంచెవి ఇప్పుడు మేఘి దగ్గర ఉంటోంది. నాకు మోకాళ్లు పట్టేస్తున్నయి, నువ్వు ఉంచుకో అని సత్యమ్మే ఇచ్చింది. మోకాళ్లు నిజంగానే పట్టేస్తున్నాయి లెండి. కానీ అది ఒక్కటే కారణం కాదు.

పెత్రమాస వచ్చింది. పోయిన పెద్దలకు బియ్యమిచ్చే అమావాస్య. ఆడబిడ్డలు వస్తామన్నారు. నలుగురికి వండాలి. సత్యమ్మ గది దగ్గరికి పోయింది.

"ఏం గావాలె అక్కా?" అంది మేఘి తాళం తీస్తూ.

"గుండిగ."

"కట్టుబాటు ఎరుకనే గదా?"

"ఓసినీ! నాకే చెప్తున్నవా?"

"అందరికి చెప్తున్న, నీకు గూడ చెప్తున్న," అని నవ్వింది మేఘి. బయటికి తెచ్చి, తనే ఒక చెవి పట్టి ఇంటిదాకా వచ్చింది. అక్కడే తిని పోయింది కూడా.

ఆ పూట గుండిగ మూత తీస్తే లేచిన ఆవిరికి బాలయ్య కళ్లు చెమర్చాయి. పొగ పట్టిందన్నాడు. ఆడబిడ్డలు అమ్మ ముచ్చట్లే చెప్పుకున్నారు, అమ్మ తిట్లు అప్పజెప్పి మరీ నవ్వుకున్నారు. సత్యమ్మ కంచంలో ఇంత నెయ్యి వేసుకుని తింది.

మరునాడు చింతపండుతో తోమింది. చుక్కల పేరు మీద ఇంకో రెండుసార్లు చెయ్యి తిప్పింది.

"ఇంకో దినం ఉండనీయరాదూ," అన్నాడు బాలయ్య.

"ఎవలకన్న అవసరం పడుతది," అంది సత్యమ్మ.

లోపలికి పోయి పిడికెడు బియ్యం తెచ్చి గుండిగలో వేసింది. ఒక్క క్షణం నిలబడింది. మళ్లీ పోయి కొంగు నిండా తెచ్చి పోసింది. బాలయ్యా తనూ చెరో చెవి పట్టుకుని గది దాకా మోశారు. మేఘి వంగి లోపలికి చూసింది. బియ్యాన్ని కుండలోకి ఒంపుకుని, శాంతవ్వ గుండిగను అంజవ్వ కొడుకు బగోన పక్కన, వరసలో బోర్లించింది.